ఏనుగుల ముంగిట చిన్న మ్యూజియం

జంషెడ్‌పూర్ పక్కనే దల్మా కొండలు. చూడాల్సింది అడవినే కాదు, అడవి దాటే దారులను కూడా

జంషెడ్‌పూర్ అనగానే గుర్తొచ్చేది ఉక్కు. 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలైన ఈ నగరానికి పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. చుట్టాలు వస్తే వాళ్లు ముందుగా తీసుకెళ్లేది జూబిలీ పార్కుకే. సుబర్ణరేఖ నది దాటి ఇంకాస్త ముందుకెళ్తే మరో లోకం ఉంది.

రాంచీ రహదారి నుంచి పక్కకు మళ్లితే మకులాకోచా వస్తుంది. సుమారు 193 చదరపు కిలోమీటర్ల దల్మా అభయారణ్యానికి అదే ప్రవేశ ద్వారం. ఇక్కడి అటవీ శాఖ మ్యూజియం చిన్నదే. అయినా కొండెక్కే ముందు అందులోకి తొంగిచూడడం మంచిది. ఎందుకంటే ఎలుగుబంట్లు, ముళ్లపందులు, అలుగులు తిరిగే ఈ అడవిలో అవి కంటబడటం అదృష్టమే.

అందరూ వచ్చేది ఏనుగుల కోసం. ఎండాకాలంలో అవి కొండ మీది బడా బాంధ్, మఝ్లా బాంధ్ చెరువులకు నీళ్ల కోసం వస్తాయి. వానలు వెనకబట్టి వరి ఎదిగే వేళకు పశ్చిమ బెంగాల్ వైపు కదులుతాయి. చిక్కంతా ఆ దారిలోనే.

దేశంలో తొలి ఏనుగుల రిజర్వును 2001లో ప్రకటించింది ఈ సింగ్‌భూమ్‌లోనే. అయినా 2023 నవంబరులో ఇదే తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోని ముసాబనీ అడవుల్లో హైటెన్షన్ తీగలు తగిలి అయిదు ఏనుగులు చనిపోయాయి. 2025 జులైలో పొరుగునున్న ఝార్‌గ్రామ్‌లో మరో మూడింటిని రైలు బలిగొంది.

ఏటా వేసవిలో ఆదివాసులు 'సేంద్ర' వేటకు దల్మా ఎక్కుతారు. వేటను లాంఛనంగా ముగించాలని అటవీ శాఖ వారికి నచ్చజెబుతుంది. మంచిదే. కానీ ఆ ఏనుగులను చంపింది విల్లంబులు కాదు.

మనకూ ఇది కొత్త కాదు. 2023 మేలో పార్వతీపురం మన్యం జిల్లా కాట్రగడ దగ్గర నాలుగు ఏనుగులు విద్యుదాఘాతానికి బలయ్యాయి. ఏనుగులు తొక్కిన చేల పక్కన కూర్చుని ఏడ్చిన రైతులూ అక్కడ ఉన్నారు.

తల్లికి దూరమైన రజని అనే గున్న ఏనుగును మకులాకోచాలోనే పెంచారు. ఏటా దాని పుట్టినరోజు జరిపి పిల్లలను పిలిచేవారు. ఒక ఏనుగును సాకడం మనకు చేతనైంది. మందకు దారి వదలడమే ఇంకా చేతకాలేదు.