గుట్టబాటపై జీపు ప్రయాణము

హైదరాబాదునకు ఉత్తరమున నాగపూరు రహదారిపై మేడ్చల్, కరీంనగరు రహదారిపై శామీర్‌పేట ఉన్నవి. ఈ ప్రాంతమంతయు గ్రానైటు శిలల నేల. ఆ శిల శిథిలమై మొరముగా మారును. పొట్టిగా, నిటారుగా ఉండు గుట్టబాటలపై బండ్లు జారుటకు ఈ మొరమే ముఖ్యకారణము.

పల్లెలకు జీపు క్రొత్త కాదు. 1959 నవంబరు 1న పంచాయతీ సమితులు ఏర్పడిన పిమ్మట సమితి జీపును ఎరుగని గ్రామము అరుదు. నేడు గుట్టపై జాతర జరిగినను, పైనుండి రోగిని దింపవలసినను ఇట్టి వాహనమే దిక్కు. కనుక దాని బలమును, హద్దును సభ్యులు తెలిసికొనుట అవసరము.

సాధారణ వాహనమున ఇంజను బలము రెండు చక్రములకే చేరును. అవి జారినచో బండి కదలదు. నాలుగు చక్రములకును బలమందు వాహనమున ఒక ఇరుసు పట్టు తప్పినను రెండవది లాగును. మందగతి గేరు వేసినచో చక్రములు మెల్లగా, అధిక బలముతో తిరుగును.

అయితే ఈ ఏర్పాటు బ్రేకుల పట్టును పెంచదు. మొరముపై బ్రేకు గట్టిగా త్రొక్కినచో చక్రములు బిగిసి, బండి చోదకుని అదుపు తప్పును. దిగునప్పుడు మందగతి గేరే ప్రధానమైన ఆధారము.

చోదకుడు మొదట బాటను కాలినడకన చూడవలెను. వాలునకు ఎదురుగా తిన్నగా ఎక్కవలెను. అడ్డముగా నడిపినచో బండి బోల్తాపడును. నడుమ ఇంజను ఆగినచో బండిని త్రిప్పరాదు. బ్రేకుపై నిలిపి, వెనుక గేరు వేసి, వచ్చిన జాడనే తిన్నగా దింపవలెను. ఆ సమయమున బండికి దిగువను ఎవ్వరును నిలువరాదు.

బాట సంగతియు ముఖ్యమే. తడినేలపై చక్రములు చేసిన గాడులు తరువాతి వానకు కాలువలగును. కొట్టుకొనిపోయిన మన్ను దిగువ చెరువున చేరి పూడికయగును. కావున వానలు కురిసినపుడు బండ్లను ఆపవలెను. బాటకు అడ్డముగా, ఏటవాలుగా చిన్న కాలువలు త్రవ్వి నీటిని ప్రక్కకు మళ్ళింపవలెను. బాట అడవి హద్దులో ఉన్నచో అటవీశాఖ అనుమతి పొందవలెను.

జాతరకు ముందే సభ్యులు బాటను స్వయముగా నడిచి చూచి, బండి ఎంతవరకు పోవచ్చునో, రోగిని ఎచ్చటినుండి మోసికొనిరావలెనో నిర్ణయించుట మేలు.