అడుగుకి ఎంత?

బోరు వేయించిన ఇంట్లో ఎవరినడిగినా చెప్తారు: అడుగుకి ఇంత, కేసింగ్‌ పైపుకి వేరే. పదో తరగతిలో రాళ్ల పాఠం చెప్తుంటే ఒక అమ్మాయి లేచి, "అమెరికాలో షేల్‌ చమురు బావికి కూడా అడుగు లెక్కేనా సార్‌?" అంది.

అడుగు లెక్కే. ఆ లెక్కని తిప్పేది పైపుల చివర, చీకట్లో, రాతిని కొరికే డ్రిల్‌ బిట్‌. దానిమీద నాకు ఎప్పటినుంచో మోజు.

మొదట రాతిని గీకే బిట్లే ఉండేవి. చేపతోక ఆకారంలో ఉండేవి కాబట్టి పేరూ అదే. మెత్తని నేలలో బాగానే దిగేవి, గట్టి రాయి తగిలితే మొండిబారేవి. 1909లో హోవర్డ్‌ హ్యూస్‌ (సినిమాలు తీసి, విమానాలు నడిపిన హ్యూస్‌కి తండ్రి) గీకడం మాని నలగ్గొట్టే బిట్‌కి పేటెంట్‌ తీసుకున్నాడు. పళ్లున్న రెండు శంకువులు బావి అడుగున దొర్లుతూ రాతిని పిండి చేస్తాయి. 1933లో మూడో శంకువు చేరింది. గీకుడు బిట్‌ పనైపోయిందనే అనుకున్నారు.

కానీ రాయికి ఒక బలహీనత ఉంది. అదిమితే ఓర్చుకుంటుంది, పక్కకి కోస్తే త్వరగా లొంగుతుంది. అంటే గీకడమే తక్కువ శ్రమ, అరగని అంచు ఒక్కటి దొరికితే చాలు. 1954లో జనరల్‌ ఎలక్ట్రిక్‌ ప్రయోగశాలలో కృత్రిమ వజ్రం తయారైంది. 1970ల్లో అదే సంస్థ వజ్రపు పొడిని టంగ్‌స్టన్‌ కార్బైడ్‌ బిళ్ల మీద విపరీతమైన ఒత్తిడిలో, వేడిలో పలకగా అతికించింది. అదే పాలీక్రిస్టలైన్‌ డైమండ్‌ కాంపాక్ట్‌, పొట్టిగా పీడీసీ. దాంతో గీకుడు బిట్‌ మళ్లీ బావిలోకి దిగింది.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చేది ఎలుక పన్ను లాంటి దాని పనితనం. ఎలుక ముందుపళ్లకి ముందువైపు గట్టి పింగాణీ పొర, వెనక మెత్తని భాగం. కొరికేకొద్దీ వెనకది ముందు అరిగి, ముందు అంచు పదునుగా మిగులుతుంది. పీడీసీలోనూ అంతే. వెనకున్న కార్బైడ్‌ వజ్రం కంటే త్వరగా అరుగుతుంది, వజ్రపు అంచు పెదవిలా ముందుకు పొడుచుకొని ఉంటుంది. పని చేస్తూనే సానపట్టుకుంటుందన్నమాట! పైగా తిరిగే భాగమే లేదు, శంకువుల బిట్‌లోలా బేరింగ్‌ పోతుందన్న భయం లేదు. దానికి శత్రువు వేడి. వజ్రపు రేణువుల్ని కలిపి ఉంచే కోబాల్ట్‌ వేడికి వజ్రం కంటే ఎక్కువ వ్యాకోచించి పలకని పగలగొడుతుంది. అందుకే ఇప్పుడు పైపొరలోంచి కోబాల్ట్‌ని యాసిడ్‌తో తీసేస్తున్నారు.

ఇక డబ్బు. బిట్‌ అరిగితే మార్చాలి, మార్చాలంటే పదివేల అడుగుల పైపులనీ మూడేసి చొప్పున విప్పుకుంటూ పైకి లాగి, మళ్లీ దించాలి. అంతసేపూ రిగ్గు అద్దె నడుస్తూనే ఉంటుంది. అందుకని తవ్విన గంటల్నీ, లాగి దించిన గంటల్నీ కలిపి రిగ్గు గంట అద్దెతో గుణించి, బిట్‌ ధర చేర్చి, మొత్తాన్ని ఆ బిట్‌ తవ్విన అడుగులతో భాగిస్తారు. బోర్డు మీద వేసిన ఉదాహరణ ఇది: రిగ్గు గంటకి 1,000 డాలర్లు, లాగి దించడానికి 10 గంటలు అనుకుందాం. 10,000 డాలర్ల బిట్‌ 20 గంటల్లో 500 అడుగులు తవ్వి అరిగిపోయింది. అడుగుకి 80 డాలర్లు. 40,000 డాలర్ల బిట్‌ 30 గంటల్లో 2,000 అడుగులు తవ్వింది. అడుగుకి 40. ధర నాలుగింతలైనా అడుగు ఖర్చు సగమే!

ఇక ఆ అమ్మాయి అడిగిన షేల్‌ కథ వేగంగా నడిచింది. 1990ల చివర టెక్సాస్‌లోని బార్నెట్‌ షేల్‌ రాతి పొరల్లో జార్జ్‌ మిచెల్‌ కంపెనీ ఎక్కువ నీళ్లతో రాతిని చీల్చి గ్యాస్‌ రాబట్టింది. బావులు అడ్డంగా తిరిగాయి. ఆ పద్ధతే చమురు కోసం బాకెన్‌, ఈగిల్‌ ఫోర్డ్‌, పెర్మియన్‌ క్షేత్రాలకీ పాకింది. అమెరికా ఇంధన సమాచార సంస్థ 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఒక్కో బావికి ఖర్చు సుమారు 49 లక్షల నుంచి 83 లక్షల డాలర్లు. అందులో సగానికి పైగా తవ్వకానికి కాదు, తవ్వాక రాతిని చీల్చి బావిని పనిలోకి తేవడానికే.

ఆ చీల్చడం అడ్డంగా సాగిన పొడవునా జరుగుతుంది, అందుకే ఇప్పుడు ఆ పొడవుతోనూ భాగించి బావుల్ని పోలుస్తారు. ఇక్కడ జాగ్రత్త కావాలి. నిట్టనిలువు భాగం ఖర్చు ఎలాగూ ఒకసారి పడేదే. కాబట్టి 5,000 అడుగులు అడ్డంగా సాగిన బావి పక్కన 10,000 అడుగులది, ఏ నైపుణ్యమూ పెరగకుండానే, అడుగు లెక్కలో చౌకగా కనబడుతుంది. బోర్డు మీద ఇంతవరకు రాసేసరికి అదే అమ్మాయి, "అయితే వచ్చిన చమురుతో భాగించాలి కదా సార్‌" అంది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.