రోగి మంచము ప్రక్కన గ్రంథపాలకుడు

పెద్ద ఆసుపత్రులలో ప్రతి ఉదయము కనబడు దృశ్యమొకటి కలదు. పెద్ద వైద్యుడు ముందు నడచును. ఆయన వెనుక చిన్న వైద్యులు, హౌస్ సర్జనులు, వైద్య విద్యార్థులు, ఒక నర్సు గుంపుగా నడతురు. ఒక్కొక్క మంచము వద్ద ఆగి, కేసు షీటు చూచి, రోగిని పలుకరించి, ఆనాటి చికిత్సను నిర్ణయింతురు. వాడుకలో దీనిని ‘రౌండ్లు’ అందురు. ఈ గుంపులో గ్రంథాలయము నుండి వచ్చిన వ్యక్తి ఒకరు నోటు పుస్తకము చేత పట్టుకొని నిలిచియున్నచో చూచువారికి వింతగా తోచును. పుస్తకముల బీరువాలను చూచుకొనవలసిన మనిషికి రోగి మంచము వద్ద ఏమి పని?

1971లో అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కాన్సాస్ సిటీ నగరమున మిస్సౌరీ విశ్వవిద్యాలయమువారు క్రొత్తగా ఒక వైద్య కళాశాలను తెరచిరి. అందు విద్యార్థులను చిన్న జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టును అనుభవము గల వైద్యునికి అప్పగించు పద్ధతి పెట్టిరి. గెర్ట్రూడ్ లాంబ్ అను గ్రంథపాలకురాలు ఈ జట్లలోనికి గ్రంథపాలకులను కూడ చేర్చెను. వారు రౌండ్లలో వైద్యులతో కలసి నడచిరి. జట్టులోని మనిషిగా గ్రంథపాలకుడు పనిచేయు పద్ధతి వైద్యరంగమున ఇట్లు మొదలయ్యెను.

ఈ ఏర్పాటునకు మూలమైన సంగతి చాల సామాన్యమైనది. రౌండ్లలో ప్రశ్నలు పుట్టుచుండును. ‘ఈ మందును ఈ వయసువారికి ఇయ్యవచ్చునా?’ ‘ఈ లక్షణము ఆ వ్యాధిలో కూడ కనబడునా?’ ఒకరు అడుగుదురు, ఇంకొకరు ‘చూడవలెను’ అందురు, అంతలో గుంపు తరువాతి మంచమునకు కదలును. మంచము ప్రక్కన పుట్టిన ప్రశ్న అచ్చటనే చచ్చును.

ఇది వట్టి ఊహ కాదు. లాస్ ఏంజిలీస్ ప్రాంతపు వైద్యులు 47 మందిని పరిశీలించి 1985లో ఒక అధ్యయనము ప్రకటించిరి. తమకు తెలియని సంగతి ఎన్నాళ్ళకొకసారి ఎదురగునని అడుగగా, వారు దాదాపు వారమునకొకసారి అని చెప్పిరి. కాని రోగులను చూచిన వెంటనే వారిని అడిగి లెక్క తీయగా, ముగ్గురు రోగులకు రెండు ప్రశ్నల వంతున తేలినది. వానిలో రోగి ఎదుట ఉండగానే సమాధానము దొరికినవి నూటికి 30 మాత్రమే. వైద్యులు అబద్ధమాడలేదు. అడుగకుండ వదలిన ప్రశ్న సాయంకాలమునకు మనసులో నిలువదు, అంతే.

గ్రంథాలయములో ఎంత సమర్థుడు కూర్చుండినను, తన బల్ల వద్దకు వచ్చిన ప్రశ్నకే ఆయన సమాధానము చెప్పగలడు. రాని ప్రశ్న ఆయనకు తెలియనే తెలియదు. వచ్చిన ప్రశ్న కూడ తరచు ఆకారము మారి వచ్చును. హౌస్ సర్జను గ్రంథాలయమునకు పోయి ‘గుండెపోటు మీద ఏమున్నది?’ అని అడుగును. ఆయనకు నిజముగా కావలసినది అది కాదు. మంచము మీదనున్న రోగికి 70 ఏండ్లు, గుండెపోటు వచ్చినది, మూత్రపిండములు కూడ సరిగా పనిచేయుట లేదు, అట్టివానికి ఫలానా మందు మామూలు మోతాదులో ఇయ్యవచ్చునా అన్నదే అసలు ప్రశ్న. రౌండ్లలో నిలిచి విన్నవానికి వయసు, మూత్రపిండములు, మందు, మోతాదు అన్నియు ఒక్కసారిగా తెలియును.

ఇక వెదకుట. ఇది చూచుటకు సులభము, చేయుటకు కష్టము. ఒకే వస్తువునకు పలు పేర్లుండుట మొదటి చిక్కు. మన ప్రాంతములలోనే వేరుశనగను కొందరు పల్లీలనియు, కొందరు బుడ్డలనియు, కొందరు శనక్కాయలనియు అందురు. ‘పల్లీలు’ అను మాట పట్టుకొని వెదకినవానికి ‘వేరుశనగ’ అను పేరుతో వ్రాసిన వ్యాసము చిక్కదు. వైద్యములోను ఇంతే. ఈ చిక్కు తీర్చుటకు అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయము 1960లో విషయ శీర్షికల పట్టిక నొకటి ప్రకటించినది. గుండెపోటును గూర్చిన వ్యాసమును వ్రాసినవాడు ఏ మాట వాడినను, పట్టికలో దానికి ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్‌షన్’ అన్న ఒక్క శీర్షికయే. క్యాన్సరు ‘నియోప్లాజమ్స్’ అను శీర్షిక క్రిందికి పోవును. ఈ పట్టిక తెలిసినవానికి దారి దొరకును, తెలియనివాడు తలుపు బయటనే తిరుగుచుండును.

రెండవ చిక్కు రాశి. నేడు ‘పబ్‌మెడ్’ అను కంప్యూటరు సూచికలో 3 కోట్ల 50 లక్షలకు మించిన వ్యాసముల వివరములు ఉన్నవి. ఇచట గణితములోని సమితుల పాఠము పనికివచ్చును. గుండెపోటును గూర్చిన వ్యాసములు ఒక సమితి, మూత్రపిండముల వ్యాధిని గూర్చినవి ఇంకొకటి, ఆ మందును గూర్చినవి మూడవది. ఒక చిన్న గ్రంథాలయములో ఇవి వరుసగా 800, 600, 300 ఉన్నవనుకొందము. మూడింటి ఛేదనమును తీసినచో పండ్రెండో పదునాలుగో మిగులును. ఆ పండ్రెండును ఒక మనిషి చదువవచ్చును. కాని మందునకు రెండు మూడు పేర్లున్నచో ముందుగా వాని సమ్మేళనము తీసికొని, తరువాత ఛేదనము తీయవలెను. ఈ క్రమము తప్పినచో ముఖ్యమైన వ్యాసము జారిపోవును, జారిపోయినట్లు ఎవరికిని తెలియదు కూడ. దొరకని వ్యాసము ‘నేను దొరకలేదు’ అని చెప్పదు గదా!

కాన్సాస్ సిటీ జట్లు మొదలైననాడు ఈ సౌకర్యములు ఇంతగా లేవు. ‘ఇండెక్స్ మెడికస్’ అను అచ్చు సూచిక సంపుటములే ప్రధానాధారము. జాన్ షా బిల్లింగ్స్ 1879లో ఆరంభించిన సూచిక అది. తంతి మార్గమున కంప్యూటరుతో వెదకు ‘మెడ్‌లైన్’ సరిగా 1971లోనే మొదలైనది. అందుచేత ఆనాటి గ్రంథపాలకులు రౌండ్లలో ప్రశ్నను వ్రాసికొని, గ్రంథాలయమునకు పోయి సంపుటములు తిరగవేసి, పనికివచ్చు వ్యాసములను ఏరి, ప్రతులు తీసి వైద్యులకు అందింపవలసి వచ్చెడిది.

వ్యాసమును రోగి దగ్గరకే పంపు ఆలోచన అంతకుముందే ఉన్నది. వాషింగ్టన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి 1967 నుండి, కోరిన వైద్యునికి వ్యాసముల ప్రతులను రోగి కేసు షీటుకే జోడించి పంపు పద్ధతి పెట్టినది. పాఠకుని వద్దకు పుస్తకము పోవుట మనకును క్రొత్త కాదు. పాతూరి నాగభూషణము మొదలైన గ్రంథాలయోద్యమ కార్యకర్తలు 1930 తరువాతి సంవత్సరములలో కృష్ణా కాలువలపై పడవలలో పుస్తకములు పెట్టి ఊరూర త్రిప్పిరి. మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడుగా పనిచేసిన రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రములలో నాల్గవది పాఠకుని కాలమును ఆదా చేయవలెననునదే. గణితోపాధ్యాయుడుగా జీవితమారంభించినవాడగుటచే కాబోలు, ఆయన కాలమును కూడ లెక్కలోనికి తీసికొనెను. అయితే పడవ మీద పోయినది పుస్తకము. కాన్సాస్ సిటీలో కదలినది గ్రంథపాలకుడు.

దీనివలన రోగికి మేలు కలిగినదా? న్యూయార్క్ రాష్ట్రములోని రాచెస్టర్ ప్రాంతమున 15 ఆసుపత్రుల వైద్యులను, తాము చూచుచున్న రోగిని గూర్చి గ్రంథాలయమును ఒక ప్రశ్న అడిగి, ఫలితము చెప్పుడని కోరిరి. 1992లో ప్రకటించిన ఆ అధ్యయనములో 208 మంది సమాధానమిచ్చిరి. నూటికి 80 మంది, అందిన సమాచారమువలన చికిత్సలో ఏదో ఒక మార్పు చేసితిమనిరి. నూటికి 45 మంది మందుల ఎంపికను మార్చుకొనిరి. ఇవి వైద్యులు తమంతట చెప్పిన మాటలు. సమాధానమిచ్చినవారు గ్రంథాలయముపై అభిమానము గలవారే కావచ్చును. అది లెక్కించినను ఇది త్రోసివేయదగిన సంఖ్య కాదు.

అభ్యంతరములు లేకపోలేదు. ఉదయము రెండు గంటలు రౌండ్లలో తిరిగిన గ్రంథపాలకుని బల్ల ఆ రెండు గంటలు ఖాళీగా ఉండును. వార్డులు 20 ఉన్న ఆసుపత్రిలో 20 మంది గ్రంథపాలకులను పెట్టుట ఎవరి తరము? గ్రంథపాలకుడు వైద్యుడు కాడు. వ్యాసములను తెచ్చి ఇచ్చుటతో ఆగవలెనా, వాని సారాంశము చెప్పవలెనా, ఏది నమ్మదగినదో తేల్చవలెనా అన్నది ఇంకొక తగవు. 2000లో డేవిడాఫ్, ఫ్లోరెన్స్ అను ఇరువురు ఒక వైద్య పత్రికలో దీనిపై వ్రాయుచు, వైద్యము, సమాచార శాస్త్రము రెండును నేర్చిన క్రొత్త వృత్తివారు కావలెనని వాదించిరి. మరి అంత చదివినవారికి జీతమెవరు ఇత్తురన్న చోట చర్చ మరల మొదటికి వచ్చెను.

ఈ పద్ధతి ఆసుపత్రి గోడలు దాటి తరగతులకు, పరిశోధన బృందములకు కూడ వ్యాపించినది. 2003లో ఇరాక్ యుద్ధమున పత్రికా విలేఖరులు సైనిక దళములలోనే కలసి తిరిగిరి. ఆ మాటనే తీసికొని 2004లో బార్బరా డ్యూయీ విశ్వవిద్యాలయ గ్రంథపాలకులకు అన్వయించెను. ఇచట గ్రంథపాలకుడు ఉపాధ్యాయునితో కూర్చుండి పాఠ్యక్రమములో పాలు పంచుకొనును. ఉన్నత పాఠశాలలో కూడ దీని అవసరము సులభముగా ఊహింపవచ్చును. ‘మా ఊరి చెరువు’ అను విషయముపై వ్రాయుమన్న పిల్లవాడు కంప్యూటరులో ఆ రెండు మాటలు కొట్టి, మొదట కనబడినదానిని ఎత్తి వ్రాయును. ఉపాధ్యాయుడు మార్కులు తగ్గించునప్పటికి ఆలస్యమైనది. చెరువు లోతా, ఆయకట్టా, పూడికా, చేపలా, దేనిని గూర్చి వెదకవలెనో పని మొదలగునాడే పిల్లవానితో తేల్చువారు కావలెను.

పరిశోధన బృందములలో దీని అవసరము మరింత తీవ్రము. వైద్య ప్రయోగములన్నింటిని కూర్చి తూకము వేయుటకు 1993లో ఏర్పడిన కోక్రేన్ సంస్థలో సమాచారము వెదకు నిపుణులు బృందములలో భాగమై పనిచేయుదురు. అట్టి సమీక్షలలో గ్రంథపాలకుడు సహరచయితగా ఉన్నచోట వెదకిన విధానము మేలైనదిగా ఉన్నదని 2015లో ఒక పరిశీలన తేల్చినది. వెదకుట సరిగా జరుగనిచో ఏమగునో తెలుపు దుర్ఘటన ఒకటి అంతకుముందే జరిగినది.

2001లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో ఉబ్బసమునకు సంబంధించిన ఒక ప్రయోగము జరుగుచుండెను. ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద కార్యకర్తలచే హెక్సామెథోనియం అను మందును పీల్పించి, ఊపిరితిత్తుల ప్రతిక్రియను కొలుచుట అందులోని పని. ఆ మందు వెనుకటి కాలమున రక్తపు పోటును తగ్గించుటకు వాడినదే. మందు పీల్చిన 24 ఏండ్ల యువతికి దగ్గు, జ్వరము వచ్చి, ఊపిరితిత్తులు చెడి, జూన్ 2వ తేదీన ఆమె మరణించెను. ఆమె అదే సంస్థలో ప్రయోగశాల ఉద్యోగిని.

తరువాత విచారింపగా, పరిశోధకుడు ముందుగా పబ్‌మెడ్‌లోను, పాఠ్యగ్రంథములలోను వెదకినాడని తేలినది. ఆనాడు పబ్‌మెడ్‌లో ఉన్న వివరములు ముఖ్యముగా 1966 నుండి మొదలగునవి. కాని ఈ మందును విరివిగా వాడినది 1950-60 నడుమ. అది ఊపిరితిత్తులకు చేయు హానిని గూర్చి వ్రాసిన వ్యాసములును ఆ కాలమువే. అవి అచ్చు సూచికలలో ఉన్నవి. వార్త వెలువడిన పిమ్మట ఇతరులు వెదకగా త్వరలోనే దొరకినవి కూడ. జూలైలో ప్రభుత్వము ఆ సంస్థలో తన ధనముతో జరుగు మానవ ప్రయోగములను కొంతకాలము నిలిపివేసెను. ఆ మరణమునకు వెదకుటలోని లోపమొక్కటే కారణమనుట సరి కాదు. అనుమతి ఇచ్చిన తీరులోను, ప్రయోగమునకు ఒప్పుకొన్నవారికి చెప్పిన సంగతులలోను లోపములున్నవని విచారణలు చూపినవి. బృందములో గ్రంథపాలకుడు ఒకడున్నచో ఆమె బ్రతికియుండెడిదని కూడ ఎవరును ఖండితముగా చెప్పజాలరు. ‘ఈ మందు ఏ కాలము నాటిది? ఈ సూచిక ఏ సంవత్సరము నుండి మొదలగును?’ అను రెండు ప్రశ్నలు మాత్రము గ్రంథపాలకునికి అలవాటుగా నోట వచ్చునవి.

ఈ సంఘటనకు తరువాత పాత అచ్చు సూచికలలోని వివరములను జాతీయ వైద్య గ్రంథాలయము క్రమక్రమముగా కంప్యూటరులోనికి ఎక్కించుచు వచ్చినది. నేడు 1946 వరకు వెనుకకు పోయి వెదకవచ్చును. హెక్సామెథోనియం, ఊపిరితిత్తులు అను రెండు మాటలు కలిపి వెదకినచో 1950-60 నాటి వ్యాసములు ఇప్పుడు పేర్లతో కనబడును. అంతకు ముందటివానిలో చాల భాగము బిల్లింగ్స్ నాటి నుండి వచ్చిన అచ్చు సంపుటములలో నమోదైనది.