మెదకుసీమ: ఊరిని నిలిపిన ఉమ్మడి పనులు

గ్రామచరిత్ర యనగానే రాజుల పేర్లు, యుద్ధముల తేదీలు మాత్రమే మనకు స్ఫురించుచుండును. కాని ఊరిని తరతరములుగా నిలిపినవి చెరువులు, కాలువలు, అందరును కలిసి కట్టుకొని కాపాడుకొన్న ఉమ్మడి ఆస్తులు. మెదకు పట్టణమును, దాని చుట్టునున్న పల్లెలును ఇందుకు నిదర్శనములు. ఈ చరిత్ర పంచాయతీ సభ్యులకు ఎట్లు ఉపయోగపడునో ఇచ్చట వివరింపదలచితిమి.

మెదకు కొండపై నున్న కోట కాకతీయ ప్రతాపరుద్రుని కాలమునాటిదని ప్రసిద్ధి. పిమ్మట అది కుతుబ్‌షాహీల వశమైనది. 17వ శతాబ్దిలో కోటలోపల మసీదు వెలసినది. వరి సమృద్ధిగా పండుటచేత ఈ చోటికి ‘మెతుకుదుర్గము’ అను పేరు వచ్చినదని జనవాక్యము.

మెతుకు పుట్టుటకు నీరు కావలెను గదా! 1905లో మంజీరా నదిపై ఘనపురము ఆనకట్టను నిర్మించిరి. దానినుండి మహబూబ్ నహర్, ఫతే నహర్ అను రెండు కాలువలు పొలములకు బయలుదేరినవి. ఆ సమీపమునే మంజీర ఏడు పాయలుగా చీలిన చోట వనదుర్గాదేవికి ఏటేట శివరాత్రి సమయమున జాతర జరుగును. పైరును తడిపిన నదియే ఊళ్లన్నిటిని ఒకచోట చేర్చుచున్నది.

కాలువ అందని ఊళ్లకు చెరువే ఆధారము. పూర్వము తూము తెరచి వంతులవారీగా నీరు పారించుటకు నీరటి యుండెడివాడు. ఎవరి మడికి ముందు, ఎవరి మడికి వెనుక అను కట్టడి ఊరివారికి నోటనే యుండెడిది.

ఉమ్మడి శ్రమకు మరియొక నిదర్శనము మెదకు చర్చి. చార్లెస్ వాకర్ పాస్నెట్ అను మిషనరీ 1914లో దీని నిర్మాణమునకు పూనుకొనెను. కరవున పనిలేక కృశించుచున్న పేదలకు ఈ పని కూడు పెట్టెను. ఎత్తైన గోపురముగల ఆ మందిరము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది.

ఇంగ్లండు పల్లెలలోను చిరకాలము చర్చియే ఊరి జీవనమునకు కేంద్రము. తన పరిధిలోని బాప్తిస్మములను, వివాహములను, ఖననములను ప్రతి చర్చియు పుస్తకమున వ్రాయవలెనని అచ్చట 1538లోనే ఆజ్ఞ వెలువడినది. 1894 చట్టముతో ఆ పల్లెలకు ఎన్నికైన పారిష్ కౌన్సిళ్లు ఏర్పడినవి. సామాన్యుల పేర్లు సైతము నేటికిని అచ్చట దొరకుటకు ఆ వ్రాతయే కారణము.

మన పల్లెలలో భూముల లెక్క పట్వారీ కాగితములలో నుండెడిది; తక్కినదంతయు పెద్దల జ్ఞాపకముననే యుండెడిది. పట్వారీ పదవి 1984లో రద్దయినది. పెద్దలును ఒక్కొక్కరే కనుమరుగగుచున్నారు. వాగునుండి చెరువునకు నీరు తెచ్చు కాలువ ఏ పొలముల నడుమ సాగెడిదో చెప్పువారు లేనినాడు ఆ కాలువ పూడిపోవును. చెరువు శిఖము పరుల పాలగును. వ్రాత లేనిచో వివాదమున ఊరికి సాక్ష్యము తక్కువ.

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. చిన్నతరహా నీటిపారుదల, సామాజిక ఆస్తుల పోషణ వానిలోనివే. కావున ప్రతి పంచాయతీయు ఒక గ్రామచరిత్ర పుస్తకము నుంచుకొనుట మేలు. చెరువుల పేర్లు, తూములు, మత్తడులు, నీరు తెచ్చు కాలువల దారులు, శిఖము సర్వే నంబర్లు, బాటలు, శ్మశానములు, జాతర స్థలములు అందు వ్రాయవలెను. స్త్రీలకును, కూలివారికిని తెలిసిన సంగతులను విడువరాదు. వ్రాసినదానిని రెవెన్యూ రికార్డులతో సరిచూచి, గ్రామసభలో చదివి వినిపింపవలెను. తప్పులున్న అచ్చటనే దిద్దవచ్చును.

దీనికి పెద్ద నిధి యక్కరలేదు. ఒక పుస్తకము, ఒక కలము, ఊరి వృద్ధులతో చెరువుకట్టపై కొన్ని సాయంకాలములు చాలును. ఆ వృద్ధులు మనతో నున్నపుడే ఈ పని ఆరంభింపవలెను.