ప్రతికృతితో నిమిత్తం లేని డీఎన్ఏ మరమ్మతు: ఒక పరిశీలన

కీలకపదాలు: డీఎన్ఏ, మరమ్మతు, క్షారం, ఎంజైము, నాడీకణం.

ఉపోద్ఘాతం:
తాళపత్ర ప్రతులలో దోషాలు రెండు విధాలు. లేఖకుడు ప్రతి రాసేటప్పుడు దొర్లేవి కొన్ని. భద్రపరచిన పత్రాన్ని పురుగు తినడం వల్ల ఏర్పడేవి కొన్ని. డీఎన్ఏ విషయంలోనూ ఈ భేదం ఉంది. కణవిభజనకు ముందు జరిగే ప్రతికృతిలో దొర్లే పొరపాట్లను సరిదిద్దే వ్యవస్థ వేరు. ప్రతికృతి జరగని వేళల్లోనూ సాగే మరమ్మతును వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నష్టానికి కారణాలు:
డీఎన్ఏ మిక్కిలి స్థిరమైన అణువని ఒకప్పుడు భావించారు. అయితే కణంలోని నీటి చర్య వల్లనే సైటోసిన్ అనే క్షారం యురాసిల్‌గా మారుతుంటుంది. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు పక్కపక్కనున్న రెండు థైమిన్ క్షారాలను ఒకదానితో ఒకటి బంధిస్తాయి.

మరమ్మతు విధానాలు:
యురాసిల్‌ను గుర్తించి తొలగించే ఎంజైమును టోమస్ లిండాల్ 1974లో బ్యాక్టీరియాలో కనుగొన్నారు. క్షారం తొలగిన చోట పోగు తెగుతుంది, సరైన న్యూక్లియోటైడు చేరుతుంది, లైగేజ్ అనే ఎంజైము పోగును అతుకుతుంది. అతినీలలోహిత కిరణాల వల్ల కలిగిన నష్టం విషయంలో మానవకణం దెబ్బతిన్న చోటుకు ఇరువైపులా పోగును కత్తిరించి, దాదాపు 30 న్యూక్లియోటైడుల ముక్కను తొలగిస్తుంది. ఈ ప్రక్రియను వివరించిన అజీజ్ సంజార్, లిండాల్, ప్రతికృతి దోషాల సవరణను వివరించిన పాల్ మోడ్రిచ్ 2015లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నారు. పై రెండు విధానాలలోనూ చెడని ఎదుటి పోగే శుద్ధపాఠంగా ఉపకరిస్తుంది.

నాడీకణాల విశేషం:
పరిణతి చెందిన నాడీకణాలు విభజన చెందవు. అయినా వాటి జన్యువులు నిత్యం ఆర్‌ఎన్‌ఏగా అనులేఖనం అవుతూనే ఉంటాయి. అనులేఖనం చేసే పాలిమరేజ్ దెబ్బతిన్న చోట నిలిచిపోతే, ఆ నిలుపుదలే మరమ్మతు ప్రోటీన్లను అక్కడికి రప్పిస్తుంది. అందువల్ల వాడుకలో ఉన్న జన్యువులు త్వరగా బాగుపడతాయని ఫిలిప్ హనవాల్ట్ బృందం 1980లలో నిరూపించింది.

లోపాల ఫలితాలు:
జీరోడెర్మా పిగ్మెంటోసమ్ వ్యాధిగ్రస్తుల కణాలలో మరమ్మతు లోపించిందని జేమ్స్ క్లీవర్ 1968లో వెల్లడించారు. వీరికి చర్మక్యాన్సర్ ముప్పు అత్యధికం. అనులేఖనంతో ముడిపడిన మరమ్మతు మాత్రమే లోపించే కాకేన్ సిండ్రోములో ఎదుగుదల కుంటుపడి నాడీవ్యవస్థ క్షీణిస్తుంది. చర్మక్యాన్సర్ ముప్పు మాత్రం పెరగదు.

ముగింపు:
మరమ్మతు లోపించినప్పుడు విభజన చెందే కణంలో తప్పు స్థిరపడి తరువాతి కణాలకు సంక్రమించవచ్చు. విభజన లేని కణంలో జన్యువును చదవడమే ఆగిపోవచ్చు. కాబట్టి డీఎన్ఏ మరమ్మతును క్యాన్సర్ నివారణకే పరిమితం చేసి చూడటం అసమగ్రం. జీవితకాలమంతా నిలవవలసిన నాడీకణాల మనుగడకు కూడా అదే ఆధారం.