కొత్త ప్రాసెసర్‌కు తగిన మదర్‌బోర్డు: ఎంపిక ఎలా?



ఇంట్లోని డెస్క్‌టాప్ కంప్యూటర్ నెమ్మదించినప్పుడు, ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే సరిపోదా అనే ఆలోచన సహజంగానే వస్తుంది. ఇటీవల దానికి మరో కారణం తోడైంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2021లో వచ్చిన విండోస్ 11 జాబితాలో ఇంటెల్ ఏడవ తరం ప్రాసెసర్లు చాలావరకు లేవు. అందువల్ల బాగా పనిచేస్తున్న కంప్యూటర్లను కూడా మార్చవలసిన అవసరం కలుగుతోంది.

అయితే ప్రాసెసర్ ఒంటరిగా పనిచేసే భాగం కాదు. దానికి విద్యుత్తు, మెమరీ, సమాచార మార్గాలు అన్నీ మదర్‌బోర్డు ద్వారానే అందుతాయి. ఈ రెండింటికీ పొత్తు కుదరకపోతే కొన్న వస్తువు బల్లమీదే మిగిలిపోతుంది. పెట్టె విప్పిన ప్రాసెసర్‌ను దుకాణదారు తిరిగి తీసుకోకపోవచ్చు. కాబట్టి డబ్బు చెల్లించకముందే సరిచూసుకోవలసిన అంశాలను ఒక ఉదాహరణతో తెలుసుకుందాం. మన ఉదాహరణ 2017 నాటి కంప్యూటర్. అందులో ఇంటెల్ కోర్ ఐ5-7400 ప్రాసెసర్, హెచ్110 చిప్‌సెట్ ఉన్న బోర్డు, 8 గిగాబైట్ల డీడీఆర్4 మెమరీ ఉన్నాయి.

1. సాకెట్, చిప్‌సెట్

ప్రాసెసర్ కూర్చునే గూడును సాకెట్ అంటారు. ఇంటెల్ సాకెట్ల పేర్లలోని అంకె వాటిలోని స్పర్శ బిందువుల సంఖ్యను తెలుపుతుంది. 2015లో వచ్చిన ఎల్‌జిఎ 1151 తరువాత, 2020లో ఎల్‌జిఎ 1200, 2021లో ఎల్‌జిఎ 1700, 2024లో ఎల్‌జిఎ 1851 వచ్చాయి. ఏఎండీ సంస్థ మాత్రం తన రైజెన్ ప్రాసెసర్లకు 2017 నుంచి ఏఎం4 సాకెట్‌నే కొనసాగించి, 2022లో ఏఎం5ను ప్రవేశపెట్టింది. సాకెట్ వేరైతే ప్రాసెసర్ అసలు అమరదు. ఇది అందరూ గమనించే విషయమే.

చాలామంది పొరబడేది తరువాతి మెట్టులో. సాకెట్‌లో అమరినంత మాత్రాన ప్రాసెసర్ పనిచేస్తుందని చెప్పలేం. మన ఉదాహరణలోని ఐ5-7400ను తీసి, ఎనిమిదవ తరానికి చెందిన ఐ5-8400ను పెట్టాలనుకుందాం. రెండింటి సాకెట్ పేరూ ఎల్‌జిఎ 1151. అది గూట్లో చక్కగా కూర్చుంటుంది. కాని కంప్యూటర్ మొదలు కాదు. 2017లో ఎనిమిదవ తరంతో ఇంటెల్ విద్యుత్ బిందువుల కేటాయింపును మార్చి, 300 శ్రేణి చిప్‌సెట్ ఉన్న బోర్డులనే తప్పనిసరి చేసింది. హెచ్110 అనేది 100 శ్రేణికి చెందినది.

చిప్‌సెట్ అంటే డిస్కులు, యూఎస్‌బీ వంటి పరికరాలను ప్రాసెసర్‌తో కలిపే చిప్. బోర్డు పేరులో కనిపించే హెచ్610, బి660, బి550 వంటివి చిప్‌సెట్ పేర్లే. అందుచేత సాకెట్, చిప్‌సెట్ రెండూ చూడాలి.

2. బయోస్

కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు అన్నిటికంటే ముందు పనిచేసే ప్రోగ్రామును బయోస్ అంటారు. బోర్డు తయారైన తరువాత వచ్చిన ప్రాసెసర్‌ను పాత బయోస్ గుర్తించలేదు. ఉదాహరణకు రైజెన్ 5000 శ్రేణి 2020 నవంబరులో విడుదలైంది. 2017 నాటి బి350 బోర్డులలో దానిని వాడేందుకు అధికారిక అనుమతి 2022లో గాని రాలేదు. అదీ కొత్త బయోస్ ఎక్కించుకున్న బోర్డులకే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. ఒకటి, పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే బయోస్ మార్చాలి. ప్రాసెసర్ లేకుండా బయోస్ ఎక్కించే సౌకర్యం కొన్ని బోర్డులకే ఉంటుంది. రెండు, ఆ సమయంలో కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. కనుక యూపీఎస్ లేనిచోట ఈ పనికి పూనుకోవద్దు.

3. మెమరీ

డీడీఆర్4, డీడీఆర్5 కడ్డీలు రెండింటికీ 288 బిందువులే ఉంటాయి. కాని అంచున ఉండే గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది. ఒకదాని స్లాటులో మరొకటి పట్టదు. ఏఎం5 బోర్డులు డీడీఆర్5నే స్వీకరిస్తాయి. ఏఎం4 బోర్డులకు డీడీఆర్4 కావాలి. ఎల్‌జిఎ 1700 బోర్డులు రెండు రకాలుగానూ దొరుకుతాయి. పాత డీడీఆర్4 మెమరీని నిలుపుకోదలిస్తే ఈ తేడా వల్ల ఖర్చు బాగా తగ్గుతుంది.

4. విద్యుత్ సరఫరా

ఒకే చిప్‌సెట్ ఉన్న రెండు బోర్డుల ధరలు వేరుగా ఉండటానికి ముఖ్యమైన కారణాలలో ఇది ఒకటి. మీరు చదువుకున్న భౌతిక శాస్త్రంతోనే దీనిని అర్థం చేసుకోవచ్చు.

పవర్ సప్లయి నుంచి బోర్డుకు 12 వోల్టులు వస్తాయి. ప్రాసెసర్‌కు కావలసింది ఒక వోల్టుకు కాస్త అటూ ఇటూ. దీనిని 1.2 వోల్టులు అనుకుందాం. ఐ5-12400 ప్రాసెసర్ గరిష్ఠంగా 117 వాట్లు తీసుకుంటుంది. సామర్థ్యాన్ని వోల్టేజితో భాగిస్తే విద్యుత్ ప్రవాహం వస్తుంది. 12 వోల్టుల వైపు అది 9.75 ఆంపియర్లు. ప్రాసెసర్ వైపు 97.5 ఆంపియర్లు! సాకెట్ చుట్టూ కనిపించే చిన్న చిన్న చతురస్రాల వరుసలు ఈ మార్పిడిని చేసే వోల్టేజి రెగ్యులేటర్ భాగాలు. ఇవి కొన్ని విభాగాలుగా ఆ ప్రవాహాన్ని పంచుకుంటాయి. ఒక్కో విభాగాన్ని ఫేజు అంటారు.

నాలుగు ఫేజులుంటే ఒక్కోదాని వాటా సుమారు 24 ఆంపియర్లు. ఆరు ఉంటే 16. నిరోధంలో పుట్టే వేడి ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కాబట్టి ఫేజులన్నీ ఒకే రకానివైతే, నాలుగు ఫేజుల బోర్డులో ఒక్కో ఫేజు వేడి ఆరు ఫేజుల బోర్డులో కంటే 2.25 రెట్లు, మొత్తం వేడి ఒకటిన్నర రెట్లు అవుతుంది. మే నెలలో గది లోపలే 40 డిగ్రీలుంటే ఈ వేడి త్వరగా చల్లారదు. అప్పుడు బోర్డు తనను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగాన్ని తగ్గిస్తుంది. మీరు డబ్బిచ్చి కొన్న వేగం మీకు అందదు. అందుకే ఎక్కువ వాట్ల ప్రాసెసర్‌కు, రెగ్యులేటర్ మీద లోహపు రేకులున్న బోర్డును ఎంచుకోవాలి.

5. మిగిలిన అంశాలు

తెర: ఇంటెల్ పేరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉంటే ఆ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండవు. రైజెన్ 5 5600 కూడా అటువంటిదే. బోర్డుకు హెచ్‌డీఎంఐ ఉన్నా తెరపై ఏమీ కనిపించదు. గ్రాఫిక్స్ కార్డు విడిగా కొనాలి.

కూలర్: ఎల్‌జిఎ 1151 కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, ఎల్‌జిఎ 1700లో 78. పాత కూలర్ నేరుగా బిగియదు.

పరిమాణం: ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ 244 × 244. క్యాబినెట్‌లో చోటు కొలవండి. కంపెనీలు సిద్ధంగా అమర్చి అమ్మే కొన్ని కంప్యూటర్లలో పవర్ ప్లగ్గులు వేరుగా ఉంటాయి. వాటిలో సాధారణ బోర్డులు ఇమడవు.

మన ఉదాహరణకు జవాబు

ఇప్పటి బోర్డులోనే ఐ7-7700 పెట్టవచ్చు. నాలుగు కోర్లే అయినా ఒకేసారి ఎనిమిది పనుల వరుసలను నడుపుతుంది. అయితే విండోస్ 11 సమస్య తీరదు. అదీ తీరాలంటే డీడీఆర్4 స్వీకరించే బి660 బోర్డు, ఐ5-12400, కొత్త కూలర్ తీసుకోవాలి. మెమరీ, డిస్కు పాతవే చాలు. వేగం సరిపోతూ, విండోస్ మద్దతు ఒక్కటే సమస్య అయితే, మొదట ఉచితంగా దొరికే లినక్స్‌ను ప్రయత్నించండి. దానికి ఏ భాగమూ కొననక్కరలేదు.

సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గాని, చెన్నై రిచీ స్ట్రీట్‌లో గాని, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లో గాని మీరు ఎక్కడ కొన్నా చివరి మాట దుకాణదారుది కాదు. ప్రతి బోర్డు తయారీదారు తమ వెబ్‌సైట్‌లో, ఆ బోర్డు స్వీకరించే ప్రాసెసర్ల జాబితాను, ఒక్కోదానికి కావలసిన బయోస్ సంచికతో సహా ఇస్తారు. ఆ జాబితాలో పేరు ఉంటేనే డబ్బు చెల్లించండి.

అభ్యాసం

1. మీ కంప్యూటర్‌లో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ తెరిచి బోర్డు పేరు, బయోస్ సంచిక రాసుకోండి. ఆ బోర్డు జాబితాలో ఉన్న అత్యంత వేగవంతమైన ప్రాసెసర్ ఏది?

2. 65 వాట్ల ప్రాసెసర్‌కు 1.3 వోల్టుల వద్ద ఎన్ని ఆంపియర్లు కావాలి? అయిదు ఫేజులుంటే ఒక్కోదాని వాటా ఎంత?