కారుపై పడిన పెయింట్ తుంపరలు తొలగించే పద్ధతి

రంజాన్ దగ్గర పడుతుందంటే నల్గొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో మసీదులకు, ఇళ్లకు రంగులు వేయించడం మనకు అలవాటు. గేట్లకు, గ్రిల్స్‌కు కంప్రెసర్‌తో స్ప్రే చేసేటప్పుడు గాలి వీస్తే ఆ తుంపర పక్కనున్న కారుపై వాలుతుంది. యజమాని నష్టపరిహారం అడుగుతాడు. భారం రోజుకూలీ పెయింటర్‌పై పడుతుంది. చాలా సందర్భాల్లో అంత నష్టం జరిగి ఉండదు.

కారు రంగుపై క్లియర్‌కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. దాని మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కంటే తక్కువ. తుంపర చుక్కలు సాధారణంగా ఈ పొరపైనే అంటుకుని ఉంటాయి. కనుక చుక్కను పైకి లేపాలే గాని, పొరను గీకకూడదు. థిన్నర్, బ్లేడు, గిన్నెలు తోమే పీచు వాడితే అసలు రంగే పోతుంది.

ముందుగా కారును నీడలో నిలిపి, చల్లబడ్డాక కార్ షాంపూతో కడగాలి. గోడలకు వేసే నీటి రంగు తాజాగా పడితే ఇంతటితోనే పోవచ్చు. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. ఆరితే తెల్ల మరకలు పడతాయి. వెంటనే మెత్తని గుడ్డతో తుడవాలి.

చేతికి పలుచని ప్లాస్టిక్ కవరు తొడిగి బానెట్‌పై నిమిరితే మిగిలిన చుక్కలు గరుకుగా తగులుతాయి. వాటికి కార్ యాక్సెసరీస్ దుకాణాల్లో దొరికే క్లే బార్ వాడాలి. ఇది పిండిముద్దలా మెత్తగా ఉంటుంది. షాంపూ నీళ్లు బాగా చల్లి, జానెడు మేర చొప్పున, బలం పెట్టకుండా ముందుకూ వెనక్కూ నడపాలి. ముద్ద మురికైతే మడిచి శుభ్రమైన వైపు వాడాలి. కింద పడితే పారేయాలి. అంటుకున్న ఇసుక గీతలు పెడుతుంది. నునుపు వచ్చాక తుడిచి వ్యాక్స్ పూయాలి.

అప్పటికీ పోకపోతే పాలిషింగ్ తెలిసినవారికి చూపించాలి.

పని మొదలుకాకముందే కార్లు దూరంగా పెట్టించడం, లేదా కవరు కప్పడం పని చేయించేవారి బాధ్యత. పొరపాటున తుంపర పడినా, పెయింటర్ కూలిలో కోత పెట్టే ముందు ఒక పూట ఈ పద్ధతి ప్రయత్నిద్దాం. కారూ బాగుపడుతుంది, ఆ ఇంటి పండుగ ఖర్చూ నిలుస్తుంది.